కిడ్నీ దెబ్బతిన్నాక షుగర్ ఎందుకు తగ్గుతుంది? మందుల లెక్క ఎక్కడ మారాలి?

పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి ఉన్నట్టుండి రీడింగులు బాగా రావడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి 250కి దిగనిది ఇప్పుడు 110, ఒక్కోసారి 90 చూపిస్తుంది. జొన్న రొట్టె పనిచేసిందనో, ఎవరో ఇచ్చిన చెట్ల మందు పట్టిందనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పరీక్షలు మానేస్తారు, గోళీలు మాత్రం పాతవే, పాత డోసులోనే నడుస్తుంటాయి. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతుంది, పిలిస్తే పలకరు. దవాఖానకు తీసుకెళ్తే షుగర్ 38, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ టెస్టులో 5 అని తేలుతుంది. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే డాక్టర్లకు ఈ వరస కొత్త కాదు. షుగర్ తగ్గిందని సంతోషించిన ఆ కొన్ని నెలల్లోనే కిడ్నీలు చేతులెత్తేస్తున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

క్లుప్తంగా

కిడ్నీ పనితీరు తగ్గేకొద్దీ ఇన్సులిన్, కొన్ని షుగర్ మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి, అందుకే షుగర్ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ దశలో ఏ గోళీ ఉంచాలి, ఏది తగ్గించాలి, ఏది ఆపాలి అనేది కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకెను బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. షుగర్‌తో పాటు కిడ్నీనీ కాపాడే మందులు ఇప్పుడు ఉన్నాయి, కానీ వాటిని ముందే మొదలుపెట్టాలి. నొప్పి గోళీలు, ఎండదెబ్బ, వాంతులు, ఖాళీ కడుపుతో ఉండటం ఈ రోగులకు మామూలు వాళ్లకంటే ఎక్కువ హాని చేస్తాయి.

షుగర్ దానంతటదే ఎందుకు పడిపోతుంది

కిడ్నీ అంటే మూత్రం తయారుచేసే అవయవం అని మాత్రమే చాలామంది అనుకుంటారు. కానీ ఇన్సులిన్‌ను విరిచి ఒంట్లోంచి తొలగించే పనిలో దానికి పెద్ద వాటా ఉంది. క్లోమంలో పుట్టిన ఇన్సులిన్ ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడే సగం దాకా ఖర్చవుతుంది. సూదితో చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్‌కు ఆ దారి లేదు, నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి దాన్ని తొలగించే భారం కిడ్నీ మీద ఇంకా ఎక్కువ పడుతుంది. కిడ్నీ నీరసిస్తే పొద్దున వేసుకున్న 20 యూనిట్లు సాయంత్రం దాటినా పనిచేస్తూనే ఉంటాయి.

రెండో సంగతి అంతగా ఎవరికీ తెలియనిది. రాత్రంతా తిండి లేనప్పుడు మెదడుకు కావాల్సిన గ్లూకోజ్‌ను కాలేయంతో పాటు కిడ్నీ కూడా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, ఆ సరఫరాలో సుమారు ఐదో వంతు దానిదే. కిడ్నీ పాడైతే ఆ సాయం కూడా పోతుంది. దీనికితోడు జబ్బు ముదిరేకొద్దీ ఆకలి చస్తుంది, నోరు చేదెక్కుతుంది, అన్నం రెండు ముద్దలతో ఆగిపోతుంది. తిండి తగ్గి, ఇన్సులిన్ నిలిచిపోయి, రాత్రి సరఫరా ఆగిపోతే షుగర్ పడిపోక ఏం చేస్తుంది?

షుగర్ 70కి దిగువకు వస్తే దాన్ని పడిపోవడంగానే చూడాలి. చెమటలు, వణుకు, గుండె దడ మామూలుగా ముందు కనిపించే గుర్తులు. అయితే చాలా ఏళ్లుగా షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లలో, బీపీకో గుండెకో అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు వాడేవాళ్లలో ఆ గుర్తుల్లో కొన్ని సరిగ్గా కనిపించకపోవచ్చు, నేరుగా మతి తప్పినట్టు మాట్లాడటం, మగతగా పడిపోవడం జరగొచ్చు. చాలా ఇళ్లలో దీన్ని పక్షవాతం అనుకుంటారు, కొన్నిచోట్ల తాగి ఉన్నాడనీ అనుకుంటారు. గ్లూకోమీటర్‌తో ఒక చుక్క రక్తం చూస్తే నిమిషంలో తేలే విషయం ఇది.

క్రియాటినిన్ పాయింట్లతో వచ్చే చిక్కు

"క్రియాటిన్ 1.4 పాయింట్లే ఉంది, పెద్దగా భయం లేదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కండ ఎక్కువున్న మనిషికి ఎక్కువ, తక్కువున్న మనిషికి తక్కువ తయారవుతుంది. అందుకే ఆ అంకెతో పాటు వయసు, ఆడా మగా అనేది కలిపి ఈజీఎఫ్‌ఆర్ లెక్కగడతారు. 2021లో వచ్చిన సూత్రం ప్రకారం చూస్తే క్రియాటినిన్ 1.4 ఉన్న 30 ఏళ్ల మగమనిషి ఈజీఎఫ్‌ఆర్ 69 దగ్గర ఉంటుంది. అదే 1.4 ఉన్న 60 ఏళ్ల ఆడమనిషికి 43. రిపోర్టులో అంకె ఒకటే అయినా ఆమె కిడ్నీ పనితీరు మూడో దశలోకి, అందులోనూ రెండో సగంలోకి వెళ్లిపోయింది. పొలం పనుల్లో అరిగిపోయి సన్నబడిన ముసలివాళ్ల విషయంలో ఈ తేడా ఇంకా మోసం చేస్తుంది, కండ కరిగిపోయి క్రియాటినిన్ తక్కువగానే కనిపిస్తుంటుంది.

ఈజీఎఫ్‌ఆర్ 60కి దిగువన మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. 30 నుంచి 59 వరకు మూడో దశ, 15 నుంచి 29 నాలుగోది, 15 లోపు అయిదోది. ఈజీఎఫ్‌ఆర్ బాగానే ఉన్నా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుంటే జబ్బు మొదలైనట్టే. దీన్ని పట్టే పరీక్ష పేరు ఏసీఆర్, ఒక్కసారి పట్టిన మూత్రం చాలు. 30 లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 మధ్య హెచ్చరిక, 300 దాటితే కిడ్నీ వేగంగా దెబ్బతింటున్నట్టు. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా ఇది పెరుగుతుంది కాబట్టి ఎక్కువ వస్తే మూడు నెలల్లో మళ్లీ చేయించి ఖాయం చేసుకోవాలి.

టైప్-2 షుగర్ బయటపడిన రోజునే ఈ రెండు పరీక్షలూ చేయించి, ఆ తర్వాత ఏటా చేయించాలన్నది అంతటా ఒప్పుకున్న పద్ధతి. ఆచరణలో మాత్రం చాలామందికి పరగడుపున, తిన్నాక చేసే షుగర్ టెస్టు తప్ప మరోటి జరగదు. మూత్రంలో నురగ, కాళ్ల వాపు వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. ఇది చాలా బాధాకరమైన విషయం, ఎందుకంటే అంతకుముందు ఆ మనిషికి ఏ నొప్పీ ఉండదు, పనికి పోతూనే ఉంటాడు.

ఇక్కడ కంటి పరీక్ష సంగతి కూడా చెప్పుకోవాలి. షుగర్ వల్ల కిడ్నీ పాడైతే చాలాసార్లు కంటి రెటీనా కూడా దెబ్బతిని ఉంటుంది. కన్ను శుభ్రంగా ఉండి కిడ్నీ మాత్రం వేగంగా పడిపోతుంటే దానికి వేరే కారణం ఉందేమో డాక్టర్ వెతకాలి.

మూడు నెలల సగటు కూడా తప్పు చూపిస్తుంది

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాలకు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే అది నడుస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినప్పుడు కణాల ఆయుష్షు తగ్గుతుంది. పైగా రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ సూదులు ఇస్తారు, కొందరికి రక్తం ఎక్కిస్తారు, దాంతో కొత్త కణాలు ఎక్కువై సగటు అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఇందుకు విరుద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి 6.2 వచ్చిందంటే అదుపు బాగుందని ఆ ఒక్క కాగితంతో చెప్పలేం, ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగులు పక్కన పెట్టుకునే చూడాలి.

ఎంత ఉండాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. కిడ్నీ వైద్యంలో ప్రపంచమంతా అనుసరించే కేడీఐజీఓ సంస్థ 2022 మార్గదర్శకాలు డయాలసిస్‌కు ముందు దశలో ఉన్నవాళ్లకు మనిషిని బట్టి 6.5 లోపు నుంచి 8 లోపు వరకు లక్ష్యంగా పెట్టుకోవచ్చన్నాయి. 40 ఏళ్ల మనిషికి గట్టి అదుపు మేలు చేస్తుంది. ఒంటరిగా ఉంటూ, గుండె జబ్బు కూడా ఉన్న 75 ఏళ్ల పెద్దావిడకు 7.8 ఉంటే తప్పేమీ లేదు, ఆమెకు షుగర్ పడిపోవడమే పెద్ద గండం.

ఏ గోళీ ఎప్పుడు మారాలి

"షుగర్ గోళీలు ఎక్కువ మింగితే కిడ్నీలు ఖరాబవుతాయి" అనే నమ్మకం దక్షిణ తెలంగాణ పల్లెల్లో గట్టిగా ఉంది. ఈ భయంతో మందులు మానేసి, షుగర్ 300 మీద ఏళ్లు గడిపి, ఆ షుగర్ వల్లే కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీ కిడ్నీని పాడుచేయదు. అది కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి, కిడ్నీ పంపలేనప్పుడు ఒంట్లో పేరుకుని, అరుదుగానే అయినా, రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రాణం మీదికి వచ్చేంత పెరగొచ్చు. అందుకే ఈజీఎఫ్‌ఆర్ 45కి దిగువకు వస్తే డోసు సగానికి, అంటే రోజుకు 1000 మిల్లీగ్రాములకు మించకుండా తగ్గిస్తారు, 30కి దిగువన పూర్తిగా ఆపేస్తారు.

అసలు భయపడాల్సింది గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ గోళీ విషయంలో. పాతది, చవకది. కాలేయంలో విరిగాక కూడా దాని ముక్కలకు షుగర్ తగ్గించే గుణం మిగిలే ఉంటుంది, అవి కిడ్నీ ద్వారా పోవాలి. పోకపోతే షుగర్ పడిపోవడం ఒకసారితో ఆగదు, గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చున్న మనిషి ఇంటికెళ్లి ఆ రాత్రే మళ్లీ పడిపోతాడు. ఈ రకం గోళీ మింగి పడిపోయినవాళ్లను కనీసం ఒక రోజైనా దవాఖానలో ఉంచి చూడాలనేది అందుకే. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఇది వద్దు. గ్లిమెపిరైడ్‌నూ చిన్న డోసులో, జాగ్రత్తగానే వాడాలి. అదే జాతిలో గ్లిపిజైడ్, గ్లిక్లజైడ్ కొంత నయం. రెండు మూడు మందులు కలిపిన గోళీలతో చిక్కేమిటంటే, లోపల ఏముందో తెలియక ఒకటే మందు రెండు పేర్లతో మింగుతుంటారు. రంగు చూసి కాకుండా షీటు వెనకున్న మందు పేరు చూసి తీసుకోవాలి.

సిటాగ్లిప్టిన్‌ను ఈజీఎఫ్‌ఆర్ 45కి దిగువన సగం, 30కి దిగువన పావు డోసుకు తగ్గించాలి. లినాగ్లిప్టిన్‌కు ఆ అవసరం లేదు, టెనెలిగ్లిప్టిన్‌కూ లేదు. పియోగ్లిటజోన్ కిడ్నీకి చేటు కాకపోయినా ఒంట్లో నీరు నిలుపుతుంది, అప్పటికే కాళ్లు వాచినవాళ్లకు అది ఇబ్బంది. ఇన్సులిన్ డోసు సాధారణంగా కిడ్నీ పనితీరు మధ్యస్థంగా తగ్గితే పావు వంతు, బాగా పడిపోతే సగం దాకా తగ్గించాల్సి వస్తుంది. ఈ లెక్కలన్నీ డాక్టర్ చేతుల్లో ఉండాల్సినవే, సొంతంగా కోత పెట్టుకునేవి కావు.

వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ మందులు ఇంట్లో వాడే చక్కెరను పేగులో విరగనివ్వవు. షుగర్ పడిపోయినప్పుడు చక్కెర నీళ్లు తాగిస్తే తొందరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. మిగతావాళ్లకు మూడు చెంచాల చక్కెర చాలు, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కిడ్నీని నిలబెట్టే మందులు

చాలా ఏళ్ల పాటు షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బును నెమ్మదింపజేసే దారి ఒకటే ఉండేది. బీపీని 130/80 దగ్గరకు తేవడం, అందుకు లోసార్టాన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడటం. 2001లో లోసార్టాన్ మీద వచ్చిన పరిశోధన దీన్ని గట్టిపరిచింది. ఇవి మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరిగితే మందు ఆపాల్సిన పని లేదు, కానీ ఆ రిపోర్టు చూసి భయపడి ఆపేసేవాళ్లే ఎక్కువ.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులది. కిడ్నీ రోజుకు సుమారు 180 గ్రాముల చక్కెరను వడపోసి, మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఈ మందులు అలా లాక్కోవడాన్ని అడ్డుకుంటాయి, చక్కెర కొంత మూత్రంలో పోతుంది. దాంతో పాటు వడపోత గుత్తుల లోపలి ఒత్తిడి తగ్గుతుంది, కిడ్నీకి ఊరట అక్కడే దొరుకుతుంది. 2020లో వెలువడిన డాపా-సీకేడీ పరిశోధనలో 4,304 మంది పాల్గొన్నారు. కిడ్నీ బాగా దెబ్బతినడం, పూర్తిగా పోవడం, కిడ్నీ లేదా గుండె కారణంగా చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే డాపాగ్లిఫ్లోజిన్ తీసుకున్నవాళ్లలో ముప్పు 39 శాతం తగ్గింది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంట్ ముగిసి, చాలా కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా దిగింది. ఈజీఎఫ్‌ఆర్ 20 వరకు ఉన్నా మొదలుపెట్టవచ్చు. ఆ స్థాయిలో షుగర్ పెద్దగా తగ్గదు, కిడ్నీకి మేలు మాత్రం ఉంటుంది, కాబట్టి షుగర్ తగ్గలేదని మానేయడం నష్టం. మూత్రం టెస్టులో చక్కెర మూడు ప్లస్‌లు వస్తే కంగారు పడొద్దు, మందు పనిచేస్తున్నదనే అర్థం. దురద, ఫంగస్ రావచ్చు, శుభ్రత పాటిస్తే చాలావరకు తప్పుతుంది.

ఫ్లోరైడ్ నీళ్లు, కీళ్ల నొప్పులు, నొప్పి గోళీలు

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే ఆ బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నా, దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన తరం ఎముకల్లో ఆ ఫ్లోరైడ్ ఇంకా ఉంది. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్య దారి కిడ్నీయే, కాబట్టి కిడ్నీ జబ్బున్న మనిషి బోరు నీళ్లు తాగితే మామూలు మనిషికంటే ఎక్కువ నిలిచిపోతుంది. అలాంటివాళ్లు భగీరథ నీళ్లే తాగడం మంచిది. అయితే కిడ్నీ జబ్బు ఏది వచ్చినా నెపం నీళ్ల మీద పెట్టి షుగర్, బీపీలను వదిలేయడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది.

అంతగా మాట్లాడుకోని లంకె ఒకటి ఉంది. ఫ్లోరోసిస్‌తో, వయసుతో, నాట్లు కలుపులతో మోకాళ్లు, నడుము పట్టేసినవాళ్లు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, షాపులో అసిక్లోఫెనాక్ గోళీ నెలల తరబడి వాడుతుంటారు. ఈ మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, మూత్రం ఎక్కువ పోయే గోళీ వాడుతున్న మనిషి పైనుంచి ఇదీ వేసుకుంటే కిడ్నీ కొద్ది రోజుల్లోనే కుప్పకూలొచ్చు. షుగర్ గోళీలంటే భయపడే మనిషే నొప్పి గోళీని టీ తాగినంత తేలిగ్గా మింగడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. నొప్పికి పారాసిటమాల్ తగిన డోసులో వాడొచ్చు, కాపడం, వ్యాయామం ఉన్నాయి. పసర్లు, భస్మాల సంగతీ అంతే, కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు ఉంటాయి, కిడ్నీకి అవి నేరుగా విషం.

ఎండలు, వాంతులు, ఖాళీ కడుపు

ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి పనులకో, ఇటుక బట్టీలకో పోయే మనిషి నీళ్లు కోల్పోతే కిడ్నీ మీద వెంటనే భారం పడుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి, నీళ్లు నిలవని రోజున మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, టెల్మిసార్టాన్, మూత్రం గోళీ తాత్కాలికంగా ఆపి, తిండి కుదుటపడిన ఒకటి రెండు రోజులకు మళ్లీ మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా మానొద్దు, రీడింగ్ చూసి తగ్గించాలి. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ముందే అడిగి చీటీ మీద రాయించుకుని పెట్టుకుంటే ఆ రోజు టెన్షన్ తగ్గుతుంది. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు వలస పోయే పాలమూరు కూలీలకు ఇది మరీ అవసరం, అక్కడి డాక్టర్‌కు పాత లెక్క తెలియదు. చివరి రిపోర్టు, మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఎక్కడైనా పనికొస్తాయి.

శివరాత్రి ఉపవాసమైనా రంజాన్ రోజాలైనా డాక్టర్‌ను అడగకుండా ఉండటం ప్రమాదం. కల్లు, మద్యం సంగతి అంతకంటే తీవ్రం. ఖాళీ కడుపుతో తాగితే కాలేయం గ్లూకోజ్ తయారుచేయడం ఆపేస్తుంది, కిడ్నీ ముందే చేయలేకపోతోంది, లోపల గ్లిమెపిరైడ్ ఉంది. అర్ధరాత్రి షుగర్ పడిపోతే పక్కవాళ్లు మత్తు అనుకుని వదిలేస్తారు.

కంచంలో ఏముండాలి

షుగర్‌కు ఒక పథ్యం, కిడ్నీకి ఒక పథ్యం చెప్పేసరికి రోగి ఏమీ తినకుండా అయిపోతాడు, అది అన్నిటికంటే చెడ్డది. డయాలసిస్‌కు ముందు ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు సరిపోతుంది, డయాలసిస్ మొదలయ్యాక 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అంటే పప్పు, గుడ్డు తగ్గించాలన్న పాత మాట డయాలసిస్ తర్వాత తిరగబడుతుంది. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక చాలామంది ఎండిపోతారు. ఉప్పు రోజుకు అయిదు గ్రాముల లోపు, ఒక చెంచాకు మించకుండా. పచ్చడితో రెండు పూటలు తినే ఇంట్లో ఇదే కష్టమైన నియమం. పొటాషియంతో చేసిన లో-సోడియం ఉప్పు కిడ్నీ రోగికి అసలు వద్దు.

నల్లగొండ బత్తాయి గురించి అందరూ అడుగుతారు. రక్తంలో పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లు ఒక కాయ తింటే ఏమీ కాదు. పొటాషియం 5.5 దాటినవాళ్లకు బత్తాయి రసం, కొబ్బరినీళ్లు రెండూ గుండె లయను దెబ్బతీయగలవు. వాళ్లకు షుగర్ పడిపోయినా రసం బదులు గ్లూకోజ్ పొడి ఇవ్వడమే మేలు. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. జొన్న రొట్టె మంచిదే, అయితే పిండి పదార్థం అందులోనూ ఉంది, నాలుగు తింటే అన్నం తిన్నట్టే.

డయాలసిస్ మొదలయ్యాక

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు కొన్ని ఏరియా ఆసుపత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా డయాలసిస్ చేస్తున్నారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. డయాలసిస్ రోగులకు 2022 నుంచి ఆసరా పెన్షన్ వర్తిస్తోంది. సౌకర్యం ఉన్నా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మెషిన్ మీద ఉండి, బస్సులో ఊరికి తిరిగి రావడం కూలీ కుటుంబానికి మామూలు భారం కాదు.

డయాలసిస్ రోజు షుగర్ వేరుగా ఉంటుంది. మెషిన్ మీద ఉండగా, దిగాక కొన్ని గంటల పాటు పడిపోవచ్చు, ఆ తర్వాత పెరగొచ్చు. చాలామందికి ఆ రోజు పొద్దటి ఇన్సులిన్ తగ్గించాల్సి వస్తుంది, ఎంత అన్నది నాలుగైదు సార్లు రీడింగులు రాసి చూపిస్తే డాక్టర్ చెప్పగలరు. చెయ్యి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన దారి) ఉన్న వైపు బీపీ చూడటం, రక్తం తీయడం వద్దు. పాదాలు రోజూ చూసుకోవాలి, షుగర్, డయాలసిస్ కలిసినప్పుడు కాలి పుండు మానడం చాలా కష్టం.

కిడ్నీ మార్పిడి చేయించుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. (దాతలు లేనివాళ్లు 2013 నుంచి నడుస్తున్న ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు.) కొత్త కిడ్నీ పనిచేయడం మొదలుపెట్టగానే అది ఇన్సులిన్‌ను మళ్లీ వేగంగా ఖర్చుచేస్తుంది, కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ కూడా షుగర్‌ను పెంచుతాయి. ఆపరేషన్ అయిన వారంలో షుగర్ 300 దాటి ఇన్సులిన్ డోసు రెట్టింపైతే ఆపరేషన్ చెడిపోయిందని భయపడాల్సిన పని లేదు. స్టెరాయిడ్ డోసు తగ్గించేకొద్దీ ఇన్సులిన్‌నూ తగ్గించుకుంటూ వస్తారు, ఆ నెలల్లో రోజుకు నాలుగుసార్లు రీడింగ్ చూసుకోవడం తప్పనిసరి.